దొర ఇంటి తిన్నె మీద మూడు సాయంత్రాలు

మా తాత అయ్యసామి తన చదువు గురించి చెప్పేటప్పుడు చెట్టు సంగతి ఎప్పుడూ చెప్పడు. అది మా అవ్వ పొన్నమ్మాళ్ చెబుతుంది, అదీ ఆయన ఎదురుగానే కూర్చుని. అప్పుడు తాత ముఖం మీద తువ్వాలు వేసుకుని నిద్ర నటిస్తాడు. ఇద్దరి దగ్గరా విన్నది కలిపి రాస్తున్నాను. ఎక్కడైనా తాత మరీ తెలివైనవాడిలా కనిపిస్తే, అది ఆయన చెప్పిన ముక్క అనుకోండి.

చిన్నమనూరు దగ్గర మా వాళ్లకు వరిమళ్లు, టెంకాయల తోపు ఉండేవి. ముత్తాత నారాయణసామికి నలుగురు కొడుకుల్లో తాత మూడోవాడు. మదురైలో ఇంగ్లీషు బడి చదివి, పరీక్ష గట్టెక్కి, చెన్నపట్నంలో సర్కారు ఇంజనీరింగు కాలేజీకి వెళ్లాడు. రైలు ఇంకా మా వైపు రాని రోజులు. యూనివర్సిటీ పట్టా కోసం చదివే పెద్ద తరగతులు అక్కడ వేరే ఉండేవి. తాతది కింది తరగతి, కాలవలూ గట్లూ చూసుకునే ఓవర్సీరు చదువు. బండి ఎక్కించేటప్పుడు ముత్తాత ఒకే మాట అన్నాడట.

"రెండేళ్లు రా అయ్యసామీ. ఆ తర్వాత నీకు ఉద్యోగమన్నా ఉండాల, నువ్వు నా మడిలోనన్నా ఉండాల."

కాలేజీలో నేల ఎత్తుపల్లాలు కొలవడం నేర్పే దొర ఒకడుండేవాడు. పిల్లలు ఆయన్ని లెవెల్ దొర అనేవాళ్లు. మొదటి నెలలోనే తాత ఆయన చేతికి చిక్కాడు. మైదానంలో అందరూ యంత్రం నిలబెట్టి, కొలకర్ర చూసి, అంకెలు వేసుకుంటుంటే, తాత చేతులు కట్టుకుని, "నీళ్లు అటు పోతాయి సార్, చూస్తేనే తెలుస్తుంది" అన్నాడు. నీళ్లు అటే పోతాయి కూడా. కానీ దొర ఆయన చేత ఆ మైదానాన్ని పదకొండుసార్లు కొలిపించాడు. పదకొండోసారికి తాతకు కన్ను చెప్పని సంగతి ఒకటి తెలిసింది: నీళ్లు ఎటు పోతాయో కన్ను చెబుతుంది, ఎంత వేగంగా పోతాయో చెప్పదు. ఆనాటి నుంచి యంత్రాన్ని భుజం మీద నుంచి దించలేదు. అవ్వ మాటల్లో చెప్పాలంటే, పెళ్లాన్ని కూడా అంత భద్రంగా ఎత్తుకు తిరగలేదు.

పని చేతికి వచ్చింది. మనుషులతో మెలగడం మాత్రం రాలేదు. ఆదివారాలు మిగతా పిల్లలు మర్యాదకు చేతిలో నిమ్మకాయ పట్టుకుని దొరల ఇళ్లకూ, కచేరీలో పనిచేసే తమ బంధువుల ఇళ్లకూ వెళ్లి కనిపించి వచ్చేవాళ్లు. తాత గదిలో పంచె ఉతుక్కునేవాడు. ఆయనతో కలిసి వండుకుతినే చెన్నకేశవన్‌ది కోయంబత్తూరు వైపు. ఇంట్లో మన తెలుగే మాట్లాడేవాడు, కానీ నోరు మాత్రం పట్నానిది. ఎవరి మామ ఏ కచేరీలో ఉన్నాడో వేళ్ల మీద చెప్పగలడు.

రెండో ఏడు చివర్లో మదురైలో ఓవర్సీరు చోటు ఒకటి ఖాళీ అయిందన్న కబురు కూడా చెన్నకేశవనే తెచ్చాడు. అక్కడి ఇంజనీరుకు లెవెల్ దొర ఉత్తరం రాస్తే చాలు. శుక్రవారం పొద్దున తపాలు వెళుతుంది. అది తప్పిపోతే చోటు వేరేవాడికి.

"నాకు కోయంబత్తూరుకు దొర ముందే రాసిచ్చాడప్పా. గడప దగ్గర నిలబడే అడిగేశా. పో, నువ్వూ పోయి అడుగు."

తాత మంగళవారం సాయంత్రం వెళ్లాడు. అసలు చిక్కు ఇక్కడుంది. మా ఊళ్లో ఒకరి ఇంటికి పనిమీద వెళితే, వెళ్లగానే నోరు తెరిచి అడగడం మర్యాద కాదు. తిన్నె మీద కూర్చోవాలి. వానల గురించీ ఎద్దుల గురించీ మాట్లాడాలి. ఆ ఇంటివాళ్లు మజ్జిగో నీళ్లో ఇస్తారు. అవి తాగాక ఇంటి పెద్దే, "ఏం పనిమీద వచ్చినావు?" అంటాడు. అప్పుడు చెప్పాలి. నీళ్లు తాగకుండా అడిగితే ఆ ఇంటిని తక్కువ చేసినట్టు. ముత్తాత పెంపకంలో ఇది ఎంత గట్టిగా పడిందంటే, తాతకు ఇంకో దారి ఉంటుందని కూడా తోచలేదు.

మంగళవారం దొర బయటికి వచ్చి, తిన్నె మీద ఉన్న తాతను చూసి, తల ఊపి, షికారుకు వెళ్లిపోయాడు. బుధవారం కూడా అంతే. ఆ రోజు దొర ఇంటి పనివాడు మాడసామి మాత్రం వచ్చి పలకరించాడు.

"సామీ, తోటపనికా వచ్చింది? అయితే ఆ తొట్లు కొంచెం జరపండి."

తాత మొహమాటపడి ఆరు పూలతొట్లు జరిపాడు. మాడసామికి జాలి వేసి చెంబుతో నీళ్లు తెచ్చాడు. తాత వాటికేసి చూశాడు, గుటక మింగాడు, వద్దన్నాడు. దొర ఇంటి చెంబులో నీళ్లు తాగి వచ్చాడని తెలిస్తే చిన్నమనూరులో ఆయన్ని పంక్తిలో కూర్చోనివ్వరు.

ఆ రాత్రి అన్నం దగ్గర చెన్నకేశవన్ అడిగాడు.

"ఏమప్పా, ఇంకా అడగలేదా?"

"ఎట్లా అడిగేది? ఆ ఇంట ఇంకా నీళ్లు తాగలేదు కదా."

"సరి. దొర ఇంట నీళ్లు తాగుతావా?"

"ఛీ, తాగను."

"అయితే ఎప్పుడు అడిగేది? వచ్చే జన్మలోనా? సుమ్మా, ఊరికే కూర్చుంటే ఉద్యోగం నడిచి వస్తుందా?"

గురువారం మూడో సాయంత్రం. మర్నాడు పొద్దున తపాలు. దొర లోపల ఉన్నాడు, తాత తిన్నె మీద ఉన్నాడు, మడి ఊళ్లో ఎదురుచూస్తోంది. తల ఎత్తితే తోట మూలలో ఒక టెంకాయ చెట్టు, నిండా గెలలు.

"మాడసామీ, ఆ చెట్టు దొరదేనా?"

"దొరది కాక నాదా సామీ?"

"లేతకాయ ఎళనీరుకు అంటు లేదు కదా?"

"కాయలో ఉండే నీళ్లకు అంటేంది?" అన్నాడు మాడసామి, ఈ మనిషికి ఎండ తగిలిందేమోనని చూస్తూ.

తాత తువ్వాలు మెలిపెట్టి పాదాలకు బంధం వేసుకున్నాడు, పంచె ఎగగట్టాడు. మా వంశంలో మగవాళ్లెవరూ చెట్లెక్కరు, ఎక్కించేవాళ్లం అని ముత్తాత గొప్పలు చెప్పేవాడు. ఆయనకు తెలియకుండా మూడో కొడుకు చిన్నప్పుడు సగం తోపు ఎక్కి దిగాడు. అందుకే ఇక్కడా పైదాకా ఇబ్బంది లేకుండా పోయాడు. సరిగ్గా అప్పుడే దొరసాని బయటికి వచ్చింది. చెట్టు కొసన మనిషిని చూసి పెట్టిన కేకకు దొర గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

తాత ఒక కాయ కోసుకుని దిగాడు. దొరకు ఒక నమస్కారం పెట్టాడు. మాడసామి దగ్గర కత్తి తీసుకుని కాయ చెక్కి, నిలబడి, ఒక్క చుక్క మిగలకుండా తాగాడు. దొర గొడుగు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"మీ ఇంటి నీళ్లు తాగాను సార్. ఇక మీరు అడగొచ్చు."

"ఏమి అడగాలి?" అన్నాడు దొర, తనకు వచ్చిన అరవంలో.

"నేను ఏం పనిమీద వచ్చానో."

దొర గొడుగు దించాడు. "మూడు రోజులు నువ్వు కూర్చున్నావు. నా తిన్నె మీద గాలి నీకు ఇష్టం అని నేను అనుకున్నాను. సరే, నువ్వు ఏ పని మీద వచ్చావు?"

అప్పుడు తాత మదురై చోటు సంగతీ, ఊరి మర్యాదా అంతా చెప్పుకొచ్చాడు, సగం ఇంగ్లీషులో, సగం అరవంలో, తొందర ఎక్కువైన చోట మన మాటలో. దొర నవ్వలేదట. ఈ ముక్క తాత చెప్పిందే. చచ్చేట్టు నవ్వాడని అవ్వ అంటుంది, ఆమె అక్కడ లేకపోయినా. ఎవరు ఏమన్నా, దొర లోపలికి వెళ్లి, తాత రెండేళ్లు రాసిన కొలతల పుస్తకాలు బయటికి తీయించి, దీపం పెట్టేదాకా తిప్పి చూశాడు. ఆ తర్వాత కాగితం తీశాడు.

మూడు వారాలకు మదురై నుంచి పిలుపు వచ్చింది. అక్కడి ఇంజనీరు ఆ ఉత్తరం తాతకు చదివి వినిపించాడు.

"అయ్యసామి కొలతల పుస్తకాల్లో తప్పులు ఉన్నాయి. ప్రతి తప్పునూ కొట్టివేసి, పక్కన సరైన అంకె రాసి, తేదీ వేశాడు. ఒక్కటి కూడా చెరిపి దాచలేదు. తనకు ఏం కావాలో ఇతను అడగడు. మీరే అడగాలి."

ఇంజనీరు ఉత్తరం మడిచి, "సరే, నీకేం కావాలి?" అన్నాడు.

అడిగించుకున్నాక ఇక తాత ఆగలేదు. ఉద్యోగం కావాలన్నాడు. మంచి యంత్రం, కొలకర్ర పట్టడానికి ఇద్దరు మనుషులు, ఒక గొడుగు, పెళ్లికి ఎనిమిది రోజుల సెలవు కావాలన్నాడు. గొడుగు దొరకలేదు. సెలవు నాలుగు రోజులకు తగ్గింది.

"నాలుగు రోజులు!" అంటుంది అవ్వ ఇప్పటికీ. "అయిదో రోజు మదురై పక్కన వాడిపట్టి కాలవ దగ్గర మేకులు కొడుతున్నాడు మీ తాత. నేను అత్తగారింట ఎవరెవరో తెలియక కూర్చున్నా."

తువ్వాలు కింద నుంచి గురక ఇంకా పెద్దదవుతుంది.

ఉద్యోగం ఎలా వచ్చిందని ముత్తాత అడిగినప్పుడు, దొర ఇంటి తిన్నె మీద మూడు సాయంత్రాలు కూర్చున్నానని, మూడో నాడు దొరే వచ్చి ఏం పనో అడిగాడని తాత చెప్పాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మా వాళ్ల మర్యాద చెన్నపట్నం దొరలకు కూడా తెలుసునని ముత్తాత పోయేదాకా ఊరంతా చెప్పుకు తిరిగాడు.