ఎర్రజెండా ఊళ్ళో మావయ్య చూసిన చర్చి

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లారితే అమ్మ తలంటుకుని, జపమాల చెంగున ముడేసుకుని చర్చికి బయలుదేరేది. అదే వేళకి నాన్న ఎర్రజెండా ఆఫీసు తాళంచెవి జేబులో వేసుకుని సైకిలెక్కేవారు. వీధి చివరిదాకా కలిసి వెళ్ళి, అక్కడ చెరోవైపు తిరిగేవాళ్ళు.

రాజోలు దగ్గర మా ఊరు. నాన్న కొబ్బరి కూలీల సంఘానికి కార్యదర్శి. చెట్టెక్కి దింపు తీసేవాళ్ళకీ, కాయ ఒలిచేవాళ్ళకీ కూలి పెంచమని రైతుల అరుగుల ముందు నిలబడి అడిగేది ఆయనే. దేవుడంటే నమ్మకం లేదు. అమ్మది తాతల నాటి నుంచీ కేథలిక్ ఇల్లు. ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు... దేవుడి సంగతి మీద వాళ్ళిద్దరూ గొడవపడగా నేను చూడలేదు. గొడవంతా బయటివాళ్ళదే.

నేను ఏడో తరగతిలో ఉండగా, తొంభైల్లో... పార్టీ పెద్దాయన ఒకరు అమలాపురం నుంచి మా ఇంటికి వచ్చారు. మంచి మనిషే. ఉద్యమాల్లో ఎన్నో ఏళ్ళు జైళ్ళలో గడిపినవారు. అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి అన్నారు.

"కార్యదర్శి గారి భార్య చర్చిలో పాటలు పాడతంటే కుర్రాళ్ళకి మనమేం చెబుతామయ్యా? ఆవిణ్ణి మానిపించు. లేదంటే ఈ పని ఇంకోళ్ళు చూసుకుంటారు. వచ్చే వారం వస్తాను, ఏ సంగతో చెప్పు."

అమ్మ లోపల బియ్యం ఏరుతోంది... అంతా వినే ఉంటుంది.

ఆ వారంలోనే మా జోసెఫ్ మావయ్య సెలవు మీద వచ్చాడు. అమ్మ తమ్ముడు. సరుకు ఓడల్లో పనిచేసేవాడు. సంగతి అమ్మ దగ్గర విన్నాడు. పెద్దాయన మళ్ళీ వచ్చినప్పుడు, నాన్న అడగకుండానే మొదలుపెట్టాడు.

"మొన్న వియత్నాంలో హైఫాంగ్ అనే రేవులో ఆగేమండి. అక్కడ మీ కమ్యూనిస్టు పార్టీ ప్రభుత్వమే కదండీ... ఎటు చూసినా ఎర్రజెండాలే. ఆ వీధుల మధ్యనే కెథడ్రల్ ఉందండి, బిషప్ గారుండే పెద్ద చర్చి. మూసేసుంటారనుకున్నాను. తెల్లారగట్ల పూజకి వెళ్తే నిలబడ్డానికి చోటు లేదండి."

"ఏమీ అనరా వాళ్ళని?" అన్నారు పెద్దాయన.

"ఊరేగింపు తియ్యాలంటే అనుమతి అడగాలంటండి. కొత్త ఫాదర్ గారొచ్చినా అడగాలంట. ఓ ముసలమ్మగారిని, ఇన్నేళ్ళూ ఎలా నెట్టుకొచ్చేరమ్మా అని అడిగించేను. రేవులో గుమాస్తాకి ఇంగ్లీషొచ్చులెండి. ఆవిడన్నదీ... వాళ్ళూ అలిసిపోయేరు, మేమూ అలిసిపోయేం నాయనా, ఆదివారం మాత్రం వస్తానే ఉంది, అని."

అమ్మ టీ గ్లాసులు పెట్టి గుమ్మంలో నిలబడింది. పెద్దాయన టీ తాగి గ్లాసు కింద పెట్టారు.

"అక్కడ విప్లవం అయిపోయిందయ్యా... ఇక్కడింకా మొదలే కాలేదు. అదీ ఇదీ ఒకటి కాదు."

నాన్న జేబులోంచి ఆఫీసు తాళంచెవి తీసి ఆయన పక్కన పెట్టారు.

"ఆయ్, అలాగేనండి. పార్టీ మాత్రం వదలనండి. ఆవిణ్ణి మానమని నేనడగలేను. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కనాడూ నన్ను చర్చికి రమ్మని అడగలేదండి."

ఆ మాట మీద పెద్దాయన తాళంచెవి తీసుకుని, కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. ఆయనా ఆనందంగా ఏం వెళ్ళలేదు.

తర్వాత అమ్మ చర్చికి వెళ్ళడం మానేసింది. ఆదివారం పొద్దున్న ఊరికే పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తూ ఉండేది. కొన్నాళ్ళు చూసి నాన్నే అన్నారు.

"మేరీ, నీ కోసం పదవి వదులుకున్నానని ఊరంతా అనుకుంటంది. ఇప్పుడు నువ్వూ మానేస్తే, నేను దేనికి వదిలేనని చెప్పుకోవాలి?"

అమ్మ ఆ వారం వెళ్ళింది.

ఆ ఏడు కూలి పెరగలేదు. కొత్త కార్యదర్శికి రైతులతో మాట్లాడ్డం చేతకాలేదు. మేడే ఊరేగింపులో ఎప్పుడూ ముందు నడిచే మా నాన్న, చివర ఆడవాళ్ళ వెనకాల నడిచారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం కూడా వద్దని పడుకున్నారు. ఎండకి అన్నారు... మేమూ ఎండకే అనుకున్నాం.

చాలా ఏళ్ళకి నాన్న పోయారు. పార్టీవాళ్ళు ఎర్రగుడ్డ కప్పారు. పెద్దాయన కూడా ఇద్దరు పట్టుకుంటే వచ్చారు. ఫాదర్ గారిని పిలవమంటారా అని ఎవరో అడిగితే అమ్మ వద్దంది. "ఆయన నమ్మకం ఆయనది బాబూ. ఈ పూట దాన్ని మార్చకూడదు."

అందరూ వెళ్ళాక గదిలో తలుపేసుకుని, తన ప్రార్థన తను చేసుకుంది.

ఇప్పుడు ఆ ఎర్రజెండా ఆఫీసు గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. చర్చికి గ్రానైట్ వేశారు. మేమేమో... ఒక్క మాట తేడా వస్తే అన్నదమ్ముల్ని కూడా ఫోన్ గ్రూపులోంచి తీసేస్తున్నాం.

చెరో నమ్మకంతో ఒకే కంచం దగ్గర కూర్చున్నవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు... వాళ్ళ గురించి చెప్పండి. ఈ మధ్య అలాంటివే వినాలనిపిస్తోంది.