ఏడాదికి ఒక నెల జీతం

పద్దెనిమిదేళ్ళుగా నేను చేస్తున్న పని ధరలు పోల్చడం. మిచిగాన్‌లోని ట్రాయ్‌లో మా ఆఫీసు. మేం కార్ల తలుపులు తయారుచేసి పెద్ద కంపెనీలకు ఇస్తాం. తలుపు లోపల అద్దం ఎక్కడానికి, తాళం పడడానికి, స్పీకరు మోగడానికి తీగలుంటాయి. వాటిని కట్టగా పేర్చి టేపు చుట్టే పని ఇప్పటికీ మనుషుల చేతులతోనే జరుగుతుంది. అందుకే ఆ తీగల కట్ట ధరలో ఎక్కువ భాగం కూలి. కూలి ఎక్కడ తక్కువైతే పని అక్కడికి వెళ్తుంది. ఎక్కడికి వెళ్ళాలో చెప్పే షీటు నాది.

ఆ షీటులో ఒక్కో కార్ఖానాకు ఒక్కో వరుస. వాళ్ళు తమ దేశపు డబ్బులో ధర పంపుతారు. దాని పక్క గడిలో ఆ డబ్బు మారకపు రేటు వేస్తాను. చివరి గడిలో డాలర్లు వస్తాయి. మా మేనేజర్ చూసేది ఆ చివరి గడి ఒక్కటే.

యూరప్‌లోని ఒక చిన్న దేశపు కార్ఖానా చాలా ఏళ్ళు ఆ షీటులో అందరికంటే చవగ్గా ఉండేది. అక్కడి నుంచి ధరలు పంపేది ఒక ఆవిడ, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. వారానికోసారి, మాకు ఉదయం వాళ్ళకు మధ్యాహ్నం అయ్యే వేళ, వీడియో కాల్‌లో కలుసుకునేవాళ్ళం. ఆమెదీ నాదీ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషే కాబట్టి ఇద్దరం నెమ్మదిగా, తేలిక మాటలతో మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళ డబ్బు విలువ పడిపోయిన వారాల్లో ఆమె నవ్వుతూ కనిపించేది.

"మా డబ్బుకి మళ్ళీ జ్వరం వచ్చింది. మీకు పండగ," అనేది.

"మీకు కాదా?" అని అడిగాను ఒకసారి.

"మా అమ్మాయికి జర్మన్ బూట్లు కావాలట. నిన్నటికీ ఇవాళ్టికీ ధర చూస్తే ఏడుపొచ్చింది. కానీ పని ఉంది కదా. పని ఉంటే బూట్లు వచ్చే ఏడాదైనా కొనుక్కోవచ్చు."

ఆ మాటలో ఎంత ఉందో నాకప్పుడు తట్టలేదు. డబ్బు విలువ పడినప్పుడు ఆ దేశంలో అందరూ కలిసి కొంచెం పేదవాళ్ళయ్యేవారు. పెట్రోలు, బూట్లు, ఫోన్లు ప్రియమయ్యేవి. కానీ ఎవరి జీతమూ కాగితం మీద తగ్గేది కాదు. ఎవరినీ ఎదురుగా కూర్చోబెట్టి, నీకు ఇకమీదట ఇంతే అని చెప్పాల్సిన అవసరం వచ్చేది కాదు. నా షీటులో మాత్రం వాళ్ళ ధర దానంతటదే తగ్గి, కార్ఖానా ఇంకో ఏడాది బతికేది.

తర్వాత ఆ దేశం తన డబ్బు వదిలేసి యూరోలో చేరింది. ఆ వారం కాల్‌లో ఆమె కొత్త నాణెం కెమెరాకు ఎంత దగ్గరగా పెట్టిందంటే, నాకు బంగారు రంగు తప్ప ఇంకేం కనపడలేదు. "ఇక మేమూ పెద్దవాళ్ళ బల్ల దగ్గర కూర్చున్నాం," అంది. నేను అభినందనలు చెప్పాను. కాఫీ రూమ్‌లో మేనేజర్‌కి చెప్పాను. ఆయనది కరీంనగర్, నేను అన్నా అనే పిలుస్తాను.

"ఇగ వాళ్ళ రేటు గడి తీసెయ్ తమ్మీ. జర్మనీకి ఏసే రేటే వీళ్ళకీ ఏసెయ్. రోజూ చెక్ చేసే లొల్లి పోయింది."

"వాళ్ళకి మంచిదేనంటావా, అన్నా?"

"మనకీ టెక్సస్‌కీ ఒకటే డాలర్ గదా. మనమేమన్నా మునిగినమా?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆఫీసు నుంచి దక్షిణంగా అరగంట డ్రైవ్ చేస్తే, కార్ల కార్ఖానాలు మూతపడి ఖాళీ అయిన, కిటికీలకు చెక్కలు కొట్టిన ఇళ్ళు వీధులకు వీధులు కనిపిస్తాయి. అక్కడివాళ్ళలో చాలామంది టెక్సస్‌కే వెళ్ళిపోయారు. వాళ్ళు కొత్త భాష నేర్చుకోనక్కర్లేకపోయింది. అక్కడే మిగిలిన ముసలివాళ్ళకు పెన్షన్ ఎప్పట్లాగే వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం నుంచి వస్తూనే ఉంది. ఇవేవీ లేని చోట ఉమ్మడి డబ్బు ఎలా ఉంటుందో ఆలోచించేంత తీరిక నేను తీసుకోలేదు. ఆ సాయంత్రమే గడి తీసేశాను.

మొదటి రెండు మూడేళ్ళు అక్కడ అందరికీ బాగుంది. తక్కువ వడ్డీకి అప్పులు దొరికాయి. ఆమె అపార్ట్‌మెంట్ కొనుక్కుంది, బాల్కనీలో టమాటా మొక్కలు చూపించింది. ధరలు పెరిగాయి, వాటితోపాటు జీతాలూ పెరిగాయి. యూరో మాత్రం వాళ్ళ బాగోగుల్ని బట్టి కదిలేది కాదు. పెద్ద దేశాలకు తగ్గట్టు అది గట్టిగా నిలబడింది. పక్క దేశం తన సొంత డబ్బు వదులుకోలేదు. అక్కడా ఇలాంటి కార్ఖానాయే ఉంది. ఆ దేశపు డబ్బు జారినప్పుడల్లా నా షీటులో వాళ్ళ ధర కిందికి దిగేది. ఈమెది అక్కడే ఉండేది. పనిలో తేడా లేదు. చేతులు అంతే వేగంగా కదులుతున్నాయి.

"ఏం చేస్తే ఈ పని మా దగ్గర ఉంటుంది? నాకు ఒక అంకె చెప్పండి," అని అడిగిందామె. అప్పటికి ఆమె నవ్వడం తగ్గింది.

లెక్క కట్టాను. కార్ఖానాలో ఒక్కొక్కరూ ఏడాదికి ఒక నెల జీతం వదులుకుంటే సరిపోతుందని చెప్పాను. ఆమె ఆ అంకెను కాగితం మీద రాసుకుంది. "ఇది నేను వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పాలి," అంది.

రెండు నెలలపాటు అందరినీ ఒప్పిస్తూ తిరిగిందామె. యూనియన్‌తో మాట్లాడింది, తన జీతం కూడా తగ్గించుకుంది. ఒక శుక్రవారం క్యాంటీన్‌లో చేతులెత్తి ఓటు వేయాలని నిర్ణయించారు. ఆ వారం సోమవారం నేను మామూలుగా రేట్లు చూస్తున్నాను. పక్క దేశపు డబ్బు ఒక్క ఉదయంలో పడిపోయింది. ఒక నెల జీతం తగ్గించినా ఇక అందుకోలేనంత దూరం పడింది. అక్కడ ఎవరూ చేయి ఎత్తలేదు, ఎవరినీ ఎవరూ ఒప్పించలేదు.

రేట్లు రోజూ చూసినా, షీటులో వాటిని మూడు నెలలకోసారే మారుస్తాం. మార్చడానికి ఇంకా మూడు వారాలుంది. మేనేజర్‌కి చెప్పాను.

"అయితే పని పక్కకు పోతది," అన్నాడు. "ఓటింగ్ కానీయ్. కట్ ఒప్పుకుంటే షిఫ్ట్ అయ్యేదాంక మనకి చీప్‌గ వస్తది."

"ఆవిడకి ఒక మాట చెప్పొద్దా?"

"నేనైతే చెప్పను. నీకు చెప్పాలనుంటే నేనేమీ ఆపను తమ్మీ."

ఆయన ఆపలేదు. ఇది రాయకపోతే తప్పు ఆయన మీదికి పోతుంది.

గురువారం పొద్దున టిఫిన్ దగ్గర ఈ సంగతి మా ఆవిడతో అన్నాను.

"ఫోన్ చేసి చెప్పెయ్యొచ్చుగా?" అంది.

"క్వార్టర్ మధ్యలో రేట్ షేర్ చెయ్యకూడదు. ప్రాసెస్ ఒకటుంటుంది."

"ప్రాసెస్ గురించి ఎవరడిగారండీ? ఆవిడ మీ ఫ్రెండే కదా?"

దోసె చల్లారుతోందని మాట మార్చాను. గ్రీన్ కార్డు ఫైలు మేనేజర్ చేతిలో ఉంది కాబట్టి భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. కార్డు అప్పటికి మూడేళ్ళ కిందటే వచ్చింది. ఆ ఫోన్‌లో ఆమె గొంతు ఎలా మారుతుందో వినడం నాకు ఇష్టం లేకపోయింది. అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

శుక్రవారం చేతులెత్తారు. దాదాపు అందరూ. ఆమె పంపిన ఫోటోలో వెనక వరుసలో ఒకామె రెండు చేతులూ ఎత్తింది, పక్కనున్నవాళ్ళు నవ్వుతున్నారు. "మనం సాధించాం," అని రాసింది. నేను బొటనవేలి బొమ్మ ఒకటి పంపాను.

మూడు వారాల తర్వాత రేట్లు మార్చాను. పని పక్క దేశానికి వెళ్ళింది. తరలించడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ వాళ్ళు తగ్గిన జీతానికే, తమ చేతుల్లోంచి పోతున్న పని చేశారు. తర్వాత కార్ఖానా మూతపడింది.

అప్పుడు ఆమె సొంత ఈమెయిల్ నుంచి ఒక్క ప్రశ్న పంపింది. "మీరు నెల జీతం అని చెప్పిన లెక్క ఏ రోజు రేటుతో కట్టింది? ఓటుకు ముందు రేటు మారిన సంగతి మీకు తెలుసా?"

నలభై రోజులు జవాబివ్వలేదు. రోజూ తెరిచి చూసి మూసేవాణ్ణి. చివరికి ఉన్నది ఉన్నట్టు రాశాను. సోమవారమే తెలుసని, చెప్పలేదని, క్షమించమని అడిగే అర్హత లేదని.

మర్నాడే జవాబు వచ్చింది. "ఆ సోమవారం రేటు నేనూ చూశాను. గురువారం దాకా ఫోన్ దగ్గరే ఉన్నాను. మీరు చేయలేదు కాబట్టి ఆ మార్పు కూడా మీ లెక్కలో ముందే ఉందనుకున్నాను. మా వాళ్ళతో అలాగే చెప్పాను. నేనిప్పుడు జర్మనీలో ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దుతున్నాను. క్యాంటీన్‌లో చేతులెత్తిన వాళ్ళు ఆరుగురు నాతోనే ఉన్నారు. డబ్బు మార్చుకునే పని లేదు, అదొక్కటి సుఖం."

నా మౌనాన్నే ఆమె నా మాటగా తీసుకుంది. అన్నేళ్ళ స్నేహంలో నేను తనకు చేసింది అదొక్కటే, తనవాళ్ళ ముందు తన చేత నా అబద్ధం చెప్పించడం. ఆ జవాబుకి ఇప్పటికీ తిరిగి రాయలేదు.

ఆమె కార్ఖానా ఉన్న ఊరికి ఇంకే పనీ రాలేదని తర్వాత విన్నాను. పక్క దేశపు కార్ఖానాయే ఇప్పుడు నా షీటులో మొదటి వరుస. అక్కడి నుంచి ధరలు పంపేది ఒక పెద్దాయన. పోయిన వారం కాల్‌లో చాలా హుషారుగా ఉన్నాడు. వాళ్ళ దేశం కూడా యూరోలో చేరబోతోందట, ప్రభుత్వం ప్రకటించిందట.

"మీకూ ఒక గడి తగ్గుతుంది," అన్నాడు నవ్వుతూ. "మంచిదే కదా?"

ఆయన వెనక అద్దంలోంచి కార్ఖానా కనిపిస్తోంది. బల్లల ముందు ఆడవాళ్ళు నిలబడి టేపు చుడుతున్నారు. చెప్పాల్సింది నాకు మొత్తం తెలుసు.

అభినందనలు అన్నాను.