అత్తయ్య ముక్కు

మసాలా డబ్బా కనిపిస్తే చాలు, మూత తీసి వాసన చూడకుండా మా అత్తయ్య ఉండలేదు. అది ఎవరి వంటిల్లు అన్న పట్టింపు లేదు. చిటికెడు తీసి, అరచేతిలో నలిపి, కళ్ళు మూసుకుని, నాడి చూసే డాక్టరులా కాసేపు ఆగి, "దీని ప్రాణం పోయింది" అనేస్తుంది. ఆ ఇంటావిడ మొహం మాడిపోతుంది. అత్తయ్యకి అది కనపడదు, కళ్ళు మూసుకునే ఉంటుంది కదా!

ఒకసారి నాన్న తన అక్కయ్యని అద్దె ఇల్లు చూపించడానికి తీసుకెళ్ళాడు. గాలీ వెలుతురూ చూడవే తల్లీ అంటే, ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఇంటి ఓనరు లవంగాల సీసా తీసింది. గోటితో ఒక లవంగం తల నొక్కి, "నూనె తడే లేదు. పొయ్యి పక్కన పెడితే ఆ వేడికి బతుకుతాయా పాపం?" అంది. ఆ ఇల్లు దొరకలేదు. అందుకే మా మేడ మీది గదిలో ఉంటోంది.

ప్రాణం పోయినవాటిని పారేస్తుందా అంటే అదీ లేదు. "వాసన పోతే పోయింది, రూపం ఉందిగా" అని సంచిలో వేసుకుపోతుంది. అనాసపువ్వులు కొవ్వొత్తుల చుట్టూ, దాల్చినచెక్కలు అద్దం చుట్టూ, ధనియాలు గుడ్డబొమ్మల పొట్టలో. బతికున్నన్నాళ్ళూ మా తాతయ్యకి మిరియాలు పడేవి కావు. ఇప్పుడాయన ఫొటో ఫ్రేమంతా మిరియాలే.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, ప్రెస్సు ఆర్డరు సంగతి వచ్చేదాకా. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక, అమ్మ ఇంట్లో వండి ఆఫీసులకి పంపే భోజనం డబ్బాల మీదే ఇల్లు నడుస్తోంది. అవీ తగ్గిపోతున్న సమయంలో ఒక పెద్ద ప్రింటింగు ప్రెస్సు వాళ్ళు, తమ పనివాళ్ళందరికీ రోజూ భోజనం మా దగ్గరే తీసుకుంటామన్నారు. ముందు మేనేజరు వచ్చి రుచి చూస్తాడట. ఆర్డరు వస్తే నిలదొక్కుకుంటాం, రాకపోతే పొయ్యి ఆర్పేసుకోవడమే.

సరిగ్గా అప్పుడే అమ్మకి జ్వరం తగిలింది. తగ్గి లేచింది గానీ మనిషి డీలా పడిపోయింది. అదే అదనుగా అత్తయ్య మా వంటింట్లో మకాం పెట్టేసింది.

"మరదలా, ఈ జీలకర్ర ప్రాణం పోయింది. కొత్తది తెప్పించు."

"సరే వదినా."

"యాలకులు పచ్చగా ఉన్నాయని మురిసిపోకు. ఒలిస్తే గింజ నల్లగా, జిగురుగా ఉండాలి. ఇవి చూడు, మట్టి!"

"సరే వదినా."

ఒక్క మాట పడని మా అమ్మ ఇలా తలాడిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పైగా అత్తయ్య వెళ్తూ వెళ్తూ రోజూ తన చేతిసంచిలోంచి ఓ చిన్న లవంగాల సీసా తీసి, "ఇవెలా ఉన్నాయి?" అని అడిగేది. అమ్మ వాసన చూసి, "మంచి ఘాటుగా ఉన్నాయి వదినా" అనేది. అత్తయ్య నిట్టూర్చి మూత పెట్టేసేది. పొగడ్త చాల్లేదు కాబోలు అనుకునేదాన్ని.

"నాన్నా, మేనేజరు వచ్చేరోజు మాత్రం మీ అక్కయ్యని మేడ దిగనివ్వకు."

"నేను చెబితే వింటుందా? సినిమాకి పంపించేద్దాం" అని నాన్న టిక్కెట్టు తెచ్చాడు. అత్తయ్య ఆ టిక్కెట్టుతో నాన్ననే సినిమాకి పంపేసింది.

మేనేజరు వచ్చాడు. గంభీరమైన మనిషి, మీసం ఇస్త్రీ చేసినట్టుంది. ఆయన్ని ముందు గదిలో కూర్చోబెట్టానో లేదో, లోపల్నుంచి కేకలు. "ధనియాలు ఇంకాస్త వేగనీ! ఆఁ, ఇప్పుడు దించు! ఆ మిరియాల పొడి పొద్దుటిది, ప్రాణం పోయింది, మళ్ళీ దంచు!"

నేను గట్టిగా దగ్గాను. ఎండల గురించి మాట్లాడాను. లాభం లేకపోయింది. ఆయన లేచి వంటింట్లోకే నడిచాడు. అత్తయ్య ఎవరా అని కూడా చూడకుండా ఆయన చెయ్యి పట్టుకుని, ఎండు పుదీనా నలిపి అరచేతిలో పోసింది. "చూడు నాయనా, ప్రాణం ఉండడమంటే ఇదీ!" ఆయన తలూపేలోగా అప్పుడే దంచిన మిరియాలు ముక్కు కింద పెట్టింది. ఆయన తుమ్ములకి మీసం ఇస్త్రీ అంతా నలిగిపోయింది. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

ఆయన కళ్ళు తుడుచుకుని, కూర్చుని, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. చేతులు కడుక్కుంటూ, "ఆ పెద్దావిడ రోజూ ఇక్కడే ఉంటారా?" అన్నాడు.

"అబ్బే, లేదండీ! ఈ ఒక్కరోజే! ఇకమీదట గడప తొక్కనివ్వం!"

"అయితే ఆలోచించుకోవాలమ్మా."

"ఉంటుందండీ! ఇక్కడే ఉంటుంది, కదలదు!"

అలా ఆర్డరు వచ్చింది. ఆనందం పట్టలేక మేడమెట్ల మీద అత్తయ్యని పట్టుకుని, "అయినా అమ్మ మీద ఆ పెత్తనం ఏమిటి అత్తయ్యా?" అన్నాను.

అత్తయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీ అమ్మ ముక్కు పనిచెయ్యడం లేదే. జ్వరం వచ్చినప్పట్నుంచీ."

"అమ్మ చెప్పిందా?"

"చెప్పదు. మీరు హడలిపోతారని దాచుకుంది. నేనూ అడగలేదు, చిన్నబుచ్చుకుంటుంది. నా గోల రోజూ ఉండేదేగా, ఎవరికి అనుమానమొస్తుంది?" అని సంచిలోంచి ఆ సీసా తీసింది. "ఇవి ఫ్రేములకని దాచిన లవంగాలు. ప్రాణం పోయి ఏళ్ళయింది. మొదటిరోజు చూపిస్తే ఘాటుగా ఉన్నాయంది. అప్పుడే తెలిసిపోయింది నాకు. వాసన తిరిగొచ్చిందేమోనని రోజూ అడుగుతున్నాను. నువ్వు నోరు జారకు, తెలిస్తే నా సంతోషం కోసం వాసన వచ్చేసిందని అబద్ధం చెప్పేస్తుంది."

అత్తయ్యని గట్టిగా వాటేసుకున్నాను. ఒంటినిండా యాలకుల వాసన!

ప్రెస్సుకి డబ్బాలు వెళ్తున్నాయి. ఒకరోజు పొద్దున్నే ఎప్పటిలా అత్తయ్య సీసా తీసింది. అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆగింది. మళ్ళీ చూసింది. మొహమాటంగా అత్తయ్య వంక తిరిగింది.

"ఏమనుకోకు వదినా... వీటి ప్రాణం పోయింది."

"పోయింది! పోయిందే!" అత్తయ్య గరిటె పట్టుకుని వంటిల్లంతా గంతులు. నాన్న మొహంనిండా సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చి, "ఏమిటి పోయింది?" అంటే, చెప్పే ఓపిక ఎవరికుంది? నేనూ అత్తయ్యా ఒకటే నవ్వు. మమ్మల్ని చూసి, ఎందుకో తెలియకుండానే అమ్మ కూడా నవ్వింది.

మర్నాటి నుంచి "సరే వదినా" బందు. "ధనియాలు బంగారంలా ఉన్నాయి, నువ్వు కాస్త పక్కకి జరుగు వదినా" అంటోంది అమ్మ. అత్తయ్య నా దగ్గరికొచ్చి, నవ్వు దాచుకోలేక, "చూశావటే, మీ అమ్మకి ఎంత నోరొచ్చిందో!" అని రోజూ ఫిర్యాదు చేస్తోంది.