పూజలో పెట్టిన పానా

మొన్న హైదరాబాదు పోతుంటే నేను ఎక్కిన కిరాయి కారుకు బిజినేపల్లి దగ్గర పంక్చరైంది. రోడ్డు పక్కనే టైర్ల దుకాణం ఉండటంతో డ్రైవరు అక్కడ ఆపాడు. నాకో స్టూలు వేశారు. దుకాణమాయన పంక్చరు వేసి, గాలి మిషను పట్టుకుని, టర్రు టర్రుమంటూ నట్లన్నీ వరుసగా బిగించేసి, జాకీ దించి చేతులు దులుపుకున్నాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఎదురెదురుగ బిగించాలె గద నాయనా, వరుసవెట్టి బిగిస్తివేంది? కిందికి దించినంక చేతి పానాతోని చూడవా?" అన్నాను. ఆయన నా వైపూ, నా ఒళ్ళో ఉన్న మామిడికాయ తొక్కు సీసా వైపూ చూసి, "మీది ఏ గ్యారేజి అమ్మా?" అన్నాడు. డ్రైవరు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. నవ్వితే నవ్వనీ, ఆ పానా తెచ్చి ఒక్కొక్క నట్టూ చూసేదాకా నేను స్టూలు మీంచి లేవలేదు.

నిజానికి కార్ల గురించి నాకేమీ తెలియదు. చక్రం బిగించడం ఒక్కటే తెలుసు, అదీ మా ఆయన పుణ్యమా అని. పెళ్ళయిన కొత్తలో ఆయన వనపర్తిలో మా అన్న కారు నడిపేవాడు. అన్నకు ఒక తెల్ల అంబాసిడర్ ఉండేది. పెళ్ళిళ్ళకూ, దవాఖానలకూ, గద్వాల చీరల బేరగాళ్ళకూ కిరాయికి తిప్పేవాళ్ళం. మా ఆయనకు అన్నిట్లోనూ నిదానమే. అన్నం తినడానికి కూర్చుంటే పక్కవాళ్ళు చేతులు కడుక్కుని తాంబూలం వేసుకునేదాకా తింటూనే ఉండేవాడు. చక్రం దగ్గర కూడా అంతే. ముందు నట్లన్నీ వేళ్ళతో తిప్పాలి, తర్వాత పానాతో ఒకటి ఇటు, దాని ఎదురుది అటు కొంచెం కొంచెం బిగించాలి, బండి బరువు నేల మీద పడ్డాక ఆఖరి బిగింపు. అదీ చాలదు. చక్రం విప్పి వేసిన రోజు కొంతదూరం పోయి, బండి ఆపి, మళ్ళీ ఓసారి పానా పెట్టి చూసేవాడు. కిరాయివాళ్ళు విసుక్కునేవాళ్ళు. నేనూ ఒకసారి ఎందుకింత చాదస్తమని అడిగాను. "మంచానికి నవారు ఒక్కదిక్కే గుంజితే ఏమైతది? రెండోదిక్కు వదులైతది. గిదీ గంతే," అన్నాడు. పానా మీద కాలు పెట్టి ఎగిరి తొక్కేవాళ్ళంటే ఆయనకు మహా మంట. వదులైతే చక్రం ఊడుతుంది, బలవంతం చేస్తే బోల్టు తెగుతుంది, చేతికి తెలియాలి అనేవాడు. పట్టణంలో ఆయనకు ఆస్తి లేదు, చదువు లేదు. 'ఆ డ్రైవరైతే భయం లేదు' అనే మాట ఒక్కటి ఉండేది. మా పొయ్యి వెలిగేది ఆ మాట మీదనే.

మా అన్న దీనికి పూర్తిగా తలకిందులు. మనిషి మంచివాడే, నన్ను చంకనెత్తుకుని పెంచినవాడే, కానీ చేతికంటే ముందు నోరు పనిచేసేది. ఎనభైల చివర్లో ఒక దసరాకు బండి కొత్తదానిలా మెరవాలని పంతం పట్టాడు. మా ఆయన పండుగ బట్టలు ఇచ్చి రావడానికి లింగాలలో వాళ్ళమ్మ దగ్గరికి పోయాడు. నేను పిల్లాడిని వేసుకుని వంటింట్లో భక్ష్యాల పిండి పిసుకుతున్నాను. అన్న ముందురోజు సాయంత్రం చక్రాలు విప్పి, వెండి రంగు పూసి, మళ్ళీ బిగించాడు. తెల్లారి పసుపు కుంకుమలు, బంతిపూల దండలు, గుమ్మడికాయ. పానాలూ, జాకీ, సుత్తె అన్నీ కడిగి బొట్లు పెట్టి అమ్మ పూజలో ఉంచింది. మా దగ్గర ఆయుధపూజలో పెట్టిన పనిముట్లు ఆ రోజు ముట్టరు, మర్నాడే తీస్తారు.

మా ఆయన పొద్దుటి బస్సుకు దిగాడు. గద్వాల నేతవాళ్ళ కుటుంబం ఒకటి పెళ్ళి చీరలు ఇవ్వడానికి వచ్చి, జమ్మి వేళకు ఇల్లు చేరాలని కారు దగ్గర కాచుకుని ఉంది. తల్లి, కొడుకు, కోడలు. ఆయన చక్రాల కొత్త రంగు చూసి ఆగాడు. "బావా, దించినంక బిగించినవా?" అని అడిగాడు. అన్న, "బిగించిన బావా. నాకేమన్న కొత్తనా?" అన్నాడు. అయినా ఈయన మనసొప్పక పానా కోసం పూజ దగ్గరికి వచ్చాడు. అమ్మ అడ్డం వచ్చింది. "పూజల పెట్టినది పండుగపూట తీస్తరా? మీ బావ చెప్పిండు గద," అంది. అత్త మాట కాదనలేక ఈయన వెనక్కి తిరిగి బండెక్కాడు.

పెబ్బేరు దాటాక ముందు చక్రం ఊడి పల్లిచేనులోకి పోయింది. ఎవరి ప్రాణమూ పోలేదు, దేవుడి దయ. నేతవాళ్ళ ముసలామె చెయ్యి మాత్రం విరిగింది. కబురు అందగానే అన్న వనపర్తి దవాఖానకు పరుగెత్తాడు. ఇంట్లో అమ్మ గుండెలు బాదుకుంటూ, "రంగు తడి గూడ ఆరలేదే. జాకీ మీదనే బిగించి, ఎవరో పిలిస్తే గట్లనే పోయిండు. నేను దండలు గుచ్చుకుంట చూస్తనే ఉన్న," అంది. నా చెవులతో విన్న మాట అది. తడి రంగు మీద బిగిస్తే అది ఆరి నలిగి నట్టు వదులవుతుందని మా ఆయన చెప్పగా అప్పటికే నాకు తెలుసు.

దవాఖాన ముందు ముసలామె కొడుకు నిలదీశాడట, చక్రం బిగించిందెవరని. జనం గుమిగూడి ఉన్నారు. మా అన్న తడుముకోకుండా, "మా బావనే. పొద్దుగాల్నే వచ్చి బిగించిండు, పండుగ తొందరల చూసుకోలే," అన్నాడట. మా ఆయన ఇంటికి వచ్చాక, "అందరి ముందట బావను అబద్ధాలోన్ని చేస్తనా? ఆయననే చెప్తడు తియ్యి," అన్నాడు నాతో. అంత నమ్మకం.

నేను నమ్మలేదు. నేరుగా అన్న దగ్గరికే పోయాను. "నీ మొగనికి ఇంకోకాడ బండి దొరుకుతది చెల్లె. నేనే బిగించిన అంటే నా బండి ఎవరెక్కుతరు?" అన్నాడు. "మరి ఆయన బండి ఎవరెక్కుతరు?" అన్నాను. అమ్మ వైపు తిరిగి, నువ్వు చూసింది చెప్పమన్నాను. అమ్మ కొంగు సర్దుకుని, "నాకేం తెల్వదు బిడ్డా. నేను పూజకాడ ఉన్న," అంది. పూట కూడా గడవలేదు ఆ మాట నాతో అని. కన్నతల్లి కొడుకు బండిని చూసుకుంది, కూతురి బతుకును చూసుకోలేదు. అన్న ఏమీ జరగనట్టు, "బంగారం తీస్కో చెల్లె," అని జమ్మి ఆకు నా చేతిలో పెట్టాడు. ఆకు తీసుకున్నాను. కాళ్ళు మాత్రం మొక్కలేదు.

ఆ తర్వాత మా ఆయనకు ఎవరూ బండి ఇవ్వలేదు. బజారులో పోతుంటే 'చక్రం ఊడిన డ్రైవర్' అని వెనక నుంచి అనేవాళ్ళు. బిజినేపల్లిలో ఒక నూనె మిల్లులో బస్తాలు తూచే పనికి కుదిరాడు, చివరిదాకా అదే. బస్సు ఎక్కేముందు మాత్రం అలవాటుగా వంగి చక్రాల వైపు చూసేవాడు. పిల్లాడికి నిజం చెప్తానంటే ఒప్పుకోలేదు. "మేనమామ మీద వాని మనసు ఇరగ్గొట్టకు," అన్నాడు. ఆయన పోయాక కూడా ఆ మాట మన్నించి నోరు మూసుకున్నాను.

పోయిన ఏడు మా అబ్బాయి కారు కొన్నాడు. అన్న కర్ర పట్టుకుని చూడటానికి వచ్చాడు. అమ్మ పోయి చాలా కాలమైంది. అన్న చక్రం మీద చెయ్యి వేసి, "అల్లుడా, నట్లు ఎదురెదురుగ బిగించాలె. దించినంక మల్లొకసారి చూడాలె. మీ నాయిన దేవుడసుంటోడు గని, జర మతిమరుపు. గందుకే ఆ దినం గట్లయింది," అన్నాడు ప్రేమగా. నేనిక ఆగలేకపోయాను. "అన్నా, ఆ దినం బిగించింది నువ్వు," అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. ఆ కళ్ళలో భయం వెతికాను, సిగ్గు వెతికాను. ఏదీ లేదు. నిజంగానే తెలియని మనిషిలా చూశాడు. తర్వాత జాలిగా నా తల నిమిరి, మా అబ్బాయితో మెల్లగా, "అమ్మకు యాది తప్పుతుంది బిడ్డా, జర చూస్కో," అన్నాడు. వాడు తల ఊపాడు.

ఇన్నేళ్ళూ ఎప్పటికైనా ఒప్పుకుంటాడని ఎదురుచూశాను. ఒప్పుకోవడానికి, అది అబద్ధమని తెలిసి ఆడిన ఆ అన్న ఉండాలి కదా, కాలం నాకు ఆయన్ని కూడా మిగల్చలేదు.