నలభై మూడో నంబరు

జయకుమారి టీచరుకు ఊళ్లో మొండి మనిషని పేరు. ఏడో తరగతితో ఆగిపోయే చిన్న బడిలో పదకొండేళ్లుగా పాఠాలు చెబుతోంది. ఎనిమిదో తరగతికి పిల్లలు మూడు కిలోమీటర్ల అవతల హైస్కూలుకు పోవాల్సిందే. ఎక్కాలు రాని మొద్దులు కూడా తలెగరేసుకుంటూ వెళ్లిపోయేవారు. లెక్కలన్నీ నోటితో చేసేసే సిద్దికా గురించే ఆమెకు బెంగ.

సిద్దికా ఎవరి మొహంలోకీ చూడదు. గంట మోగితే చెవులు మూసుకుని గోడ వైపు తిరుగుతుంది. రోజూ జరిగేది జరగకపోతే ఇక సాయంత్రం దాకా ఏడుపే. దీనికి ఏదో పేరుండాలని జయకుమారి అనుమానం. 2001లో ఆ చుట్టుపక్కల ఆ పేరు తెలిసినవాడు లేడు. పిచ్చి అనేవాళ్లు మాత్రం ఇంటికొకరున్నారు.

ఆ వేసవి సెలవుల్లో నలభై రోజులు, పొద్దున్నే పిల్లను వెంటబెట్టుకుని పత్తి చేల గట్ల మీదుగా హైస్కూలు దాకా నడిచింది. గేటు, కుళాయి, మరుగుదొడ్డి అన్నీ చూపించింది. ఇనుప గంటను మొదట దూరంగా, తర్వాత దగ్గరగా కొట్టి చెవుల మీది చేతులు దింపించింది. గొంతు బొంగురు చేసుకుని, మగ మాస్టరులా "సిద్దికా!" అని హాజరు పిలిచేది. పిల్ల తలెత్తకుండానే "ప్రెజెంట్ సార్" అనేది. అన్నప్పుడల్లా జయకుమారికి కళ్లనీళ్లు తిరిగేవి.

ఒక్క పని మాత్రం చేయలేదు. పిల్ల సంగతి హైస్కూలు వాళ్లకు చెప్పలేదు. రెండేళ్ల క్రితం యలమంద అనే పిల్లవాడి గురించి ఉన్నదున్నట్టు చెబితే, "ఇదేమన్నా పిచ్చాసుపత్రా?" అని హెడ్మాస్టరు గుమ్మంలోంచే పంపించేశాడు. అప్పటి నుంచి ఆమె నోరు కట్టేసుకుంది. సిద్దికా టీసీలో ప్రవర్తన ఉత్తమమని రాసి ఊరుకుంది.

జూలై ఆఖర్లో సిద్దికా తల్లి సర్దార్‌బీ రొప్పుతూ వచ్చింది.

"పేరు కొట్టేశారంట టీచరుగారూ! నెల్లాళ్లుగా బడికే రాలేదంట. రోజూ నేనే గేటు దాకా దింపొస్తున్నానే!"

జయకుమారి వెళ్లి అడిగితే సంగతి బయటపడింది. అక్కడ హాజరుకు పేర్లు పిలవరు, నంబర్లు పిలుస్తారు. నలభై మూడు అంటే సిద్దికా పలకలేదు. పలకకపోతే ఆబ్సెంటు. రిజిస్టరులోంచి తలెత్తి ఎదుటి బెంచీ వైపు చూసే ఓపిక క్లాసు మాస్టరుకు నెల రోజుల్లో ఒక్కనాడూ కలగలేదు. జయకుమారి కూడా అలాంటి హైస్కూల్లో చదువుకున్నదే. ఆ నంబర్లెలా మర్చిపోయానా అని తనను తానే తిట్టుకుంది.

హెడ్మాస్టరు ఆ రోజు మంచిగానే ఉన్నాడు.

"పొరపాటు జరిగిందిలెండి. మళ్లీ ఎక్కిస్తాను," అని కలం తీశాడు.

అక్కడితో ఊరుకోవాల్సింది. కానీ మళ్లీ ఇలా జరగకూడదని ఆమె తాపత్రయం. పేరు పెట్టి పిలవమంది. గంట సంగతి, ఏడుపు సంగతి అంతా చెప్పేసింది. ఆయన కలానికి మూత పెట్టాడు.

"ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే చేర్చుకునేవారా?"

"చేర్చుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు మాత్రం తెలిసి తెలిసి ఎట్లా చేర్చుకోమంటారు?"

అరిచింది, బతిమాలింది, పై ఆఫీసుకు కాగితాలు పెట్టింది. వాటికి జవాబే రాలేదు.

దసరా సెలవుల్లో జయకుమారి, సర్దార్‌బీ కూలికి పోయే మిరప గోదాముకు వెళ్లింది. సర్దార్‌బీ పక్కనే కూర్చుని సిద్దికా కాయల తొడిమలు తీస్తోంది. ఘాటుకు కళ్లు ఎర్రబడ్డాయి. టీచరును చూసి తల తిప్పుకుంది.

"బడి అడుగుతోందా?" అంది జయకుమారి.

"మొదట్లో రోజూ పొద్దున్నే సంచీ తగిలించుకుని నిలబడేదండీ. ఇవాళ ఆదివారం అని చెప్పేదాన్ని."

"రోజూనా? నమ్మిందా?"

"నమ్మలేదండీ. అడగడం మానేసింది."