ముందే తీర్చిన మొక్కు

పొందూరు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి వెళితే వచ్చే ఊళ్ళో తిరుమలరావుకి రెండెకరాల వరి, ఎకరం మెట్ట. అన్నిటికీ ముందు దూకే మనిషి. మబ్బు పట్టగానే వాన పడిందనేవాడు, సంబంధం మాటల్లో ఉండగానే భోజనాలకు పిలిచేవాడు. ఊరు నవ్వుకునేది గాని ఆయన్ని ఎవరూ చెడ్డగా అనుకోలేదు.

కూతురు యమున ఇంజనీరింగులో ఏఐ తీసుకుంది. నిరుడు ఫిబ్రవరిలో, చదువు ఇంకా ముగియకుండానే, బెంగళూరు కంపెనీ ఒకటి ఏడాదికి పద్నాలుగు లక్షలిస్తామని కాగితం పంపింది. మొదటి జీతం అందగానే పైడితల్లమ్మకు మొక్కు తీర్చాలని తల్లి కుమారి ఎప్పుడో అనుకుంది. తిరుమలరావుకు జీతం దాకా ఆగే ఓపిక ఎక్కడిది? వారం తిరక్కుండానే మేకను కోసి ఊరందరికీ అన్నం పెట్టాడు. చేరాక పెడదామని యమున గొణిగితే, రాసిచ్చిన కాగితం చేతిలో ఉండగా భయమేమిటని కొట్టిపారేశాడు. పాసు పుస్తకం ఉంటే పొలం మనదే అనుకునే మనిషికి కాగితం మీద అంతే నమ్మకం.

జూలైలో చేరాలన్నారు. అది అక్టోబరుకు జరిగింది. ఈ జనవరిలో ఆఖరి మెయిల్ వచ్చింది. కొత్తగా చదువు ముగించినవాళ్ళకు ఖాళీలు లేవు, రెండేళ్ళ అనుభవం ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. యమున తండ్రిని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఇదివరకు కొత్తవాళ్ళకు అప్పగించే చిన్న పనులు ఇప్పుడు ఏఐ యంత్రమే చేసేస్తోందట. అదే కంపెనీ ఆరితేరినవాళ్ళకు కోటి రూపాయలైనా ఇస్తుందట. పనే ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో మాత్రం ఆ మెయిల్‌లో రాయలేదు.

మొక్కు భోజనం తిన్న ఊరికి ఏమని చెబుతాడు? ఇంటి నుంచే పని అని చెప్పాడు. యమున రోజంతా లాప్‌టాప్ ముందే ఉండేది కనక అందరూ నమ్మారు. నిజానికి ఆ పిల్ల చేసేది, శ్రీకాకుళంలోని చిన్న ఆఫీసు పంపే ఫొటోల్లో ఇది ఆవు, ఇది ఆటో అని గీతలు గీసి పేర్లు పెట్టడం. ఆ ఫొటోలతోనే యంత్రానికి చూపు నేర్పుతారు. నెలకు తొమ్మిది వేలు. తన పని పోగొట్టిన దానికి తనే పాఠాలు చెబుతున్నానని ఒకసారి తండ్రితో అంది. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

మే నెలలో నూకయ్య వచ్చాడు. పక్క పొలం రైతు, వరసకు బావమరిది. కూతురు అమ్మడికి అదే కాలేజీలో అదే చదువుకు సీటు మాట్లాడాడు. డబ్బు కట్టడానికి కాలవ పక్క ఎకరం అమ్ముతున్నాడు, సోమవారం రిజిస్ట్రేషను. సలహాకు రాలేదు, సంతోషం చెప్పుకోవడానికి వచ్చాడు. "నీ గుంట యమునని సూసే ధైర్యం సేస్తన్నాను బావా," అన్నాడు.

నూకయ్యకు నీళ్ళున్న భూమి ఆ ఎకరమే. తిరుమలరావు నోరు మూసుకుంటే తన పరువు నిలుస్తుంది, ఆ ఇంటి కూడు పోతుంది. ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషి కండువాతో రెండుసార్లు మొహం తుడుచుకున్నాడు.

"యమునకి ఉద్యోగం రానేదురా. ఇన్నాళ్ళూ అబద్ధమాడినాను. బూమి అమ్మకు."

తిరుమలరావు యమునను పిలిచి ఫోనులో మెయిల్ చదివించాడు. ఆ పిల్ల ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. నూకయ్య వినలేదు. ఆ ఫోనులో ఏం రాసుందో తనకేం తెలుసు?

"నీ గుంట పైకొచ్చింది. నా గుంట రాకూడదేటి బావా?" అని లేచి వెళ్ళిపోయాడు.

తిరుమలరావు వీధి దాకా వెంటపడ్డాడు, చెయ్యి పట్టుకున్నాడు. నూకయ్య విదిలించుకున్నాడు. సోమవారం భూమి వేరేవాళ్ళ పేరు మీదికి వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మడు వచ్చి యమున దగ్గర అరగంట కూర్చుంది. అన్నీ అడిగి తెలుసుకుంది. వెళుతూ, అరుగు మీదున్న తిరుమలరావు దగ్గర ఆగింది. కళ్ళలో నీళ్ళు లేవు.

"వదిన సెప్పింది నమ్మినాను మావా. మా అయ్యతో మాత్రం ఇంక ఈ మాట అనకు. బూమి ఎలాగూ పోయింది. నాలుగేళ్ళన్నా సుకంగా నిద్దరపోనీ."

తిరుమలరావు సరేనని తల ఊపాడు. పదిహేడేళ్ళ పిల్ల కన్నతండ్రి దగ్గర నిజం దాచడానికి సిద్ధపడింది. ఆ దాచడం ఎవరి ఇంట్లో మొదలైందో ఆయనకు తెలుసు.