చాంద్‌బీ తీసిన దిష్టి

నల్లపాడు చాంద్‌బీ సగం జీవితం మిరపకాయల గోడౌన్లలో తొడిమలు తీసింది. ఆ ఘాటు ఆవిడలో ఎంతగా ఇంకిందంటే, బస్సెక్కితే డ్రైవరుతో సహా అందరూ తుమ్మేవారు. ఒకసారి బస్సు కూడా తుమ్మి ఆగిపోయింది. ఆవిడకు మాత్రం ఏ వాసనా తెలిసేది కాదు. కూర మాడితే పక్కింటివాళ్లు వచ్చి చెప్పాల్సిందే.

దగ్గు ముదిరి ఆ పని మానేశాక ఊరి బయట ఉన్న చిన్న జూలో ఊడ్చే పనికి చేరింది. తాటిచెట్టు కొట్టేసినప్పుడు దొరికిన రెండు గుడ్లగూబ పిల్లల్ని అక్కడ ఆవిడకు అప్పగించారు. ఇంకెవరూ ముట్టుకోలేదు. ఊళ్లలో వాటిని చావుపిట్టలంటారు, కనబడితే రాయి తీస్తారు. చాంద్‌బీ వాటిని చేత్తో తినిపించి పెంచింది. ఆవిడ నోటి దురుసు చూసి మేనేజరు దుర్గాప్రసాద్ మైకు ఇచ్చి, వచ్చినవాళ్లకు వాటి గురించి చెప్పమన్నాడు.

పొన్నూరు రైతు అంకారావు పెళ్లాంబిడ్డలతో వచ్చి గూటి ముందు ఉమ్మేశాడు.

"ఏందమ్మా, ఈ శనిగొట్టు మొహాలకు టికెట్టు కూడానా? ఇది కూస్తే ఇంట్లో పీనుగ లేస్తది."

"నీ చేలో ఎలుకలు వడ్లు మేస్తంటే కనబడదు గానీ, దీని కూత వినబడుద్దా? ఈ పిట్టల్ని తరిమెయ్యి. అన్నం ఎలుకలు తింటయ్, గడ్డి నువ్వు తిను."

జనం పగలబడి నవ్వారు. అంకారావూ నవ్వాడు. మళ్లీ వచ్చినప్పుడు తన చేలో చెక్క గూడు కట్టిస్తానని, పిట్టల్ని అక్కడ వదలమని తనే అడిగాడు. ఈ జంట నిలిస్తే చుట్టుపక్కల రైతులూ గూళ్లు కడతామన్నారు. చావుపిట్ట అన్న పేరు పోవాలి. చాంద్‌బీకి అంతకుమించి కోరిక లేదు.

వదలడానికి ముందురోజు ఆదివారం. జూ నిండా తిరునాళ్ల జనం.

"ఎంత తెల్లగా ఉన్నయ్యే! ఆ కళ్లు చూడు, కాటుక పెట్టినట్టు!"

పొగడ్తలు పెరిగేకొద్దీ చాంద్‌బీకి భయం పెరిగింది. ఇన్ని కళ్లు పడితే దిష్టి తగలదా?

సాయంత్రం గేటు మూశాక, పక్షుల్ని బెదరకుండా ఆ రాత్రికి ఉంచిన చిన్న గదిలోకి నిప్పుల మూకుడుతో వెళ్లి తలుపు వేసుకుంది. గుప్పెడు ఎండుమిరపకాయలు వాటి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. బిడ్డలున్న ఏ ఇంట్లో అడిగినా ఇదే చెబుతారు.

చాంద్‌బీకి ఘాటు తగల్లేదు.

"యా అల్లా, ఎంత దిష్టి పట్టిందే మీకు!"

ఇంకో గుప్పెడు వేసింది. అప్పటికీ ఘాటు లేదు. కొంగులో ఉన్నవన్నీ కుమ్మరించింది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, రేపు అవి వెళ్లిపోతాయన్న దుఃఖమనుకుంది. దగ్గు ఎలాగూ రోజూ ఉండేదే. పక్షులు రెక్కలు కొట్టుకుని గోడకు గుద్దుకుంటుంటే, దిష్టి దిగుతోందనుకుంది.

వాచ్‌మన్ మాబు తుమ్ముతూ పరుగెత్తుకొచ్చి తలుపు తోశాడు.

"ఏందమ్మా ఈ ఘాటు! రోడ్డు మీదికొస్తంది!"

"ఘాటా?" అంది చాంద్‌బీ.

పక్షులు రెండూ నేల మీద వెల్లకిలా పడి ఉన్నాయి.

పొద్దున్నే అంకారావు వచ్చి చూసి, "నే ముందే చెప్పలా, చావుపిట్టలని!" అన్నాడు. కట్టించిన గూటిని కోళ్లకు వాడుకున్నాడు. మిగతా రైతులు ఆ ఊసే ఎత్తలేదు.

దుర్గాప్రసాద్ ఆవిడను పనిలోంచి తీసేయలేదు. జూలో ఖాళీ అయిన గూటి ముందు నిలబెట్టి, మళ్లీ మైకు చేతికిచ్చాడు.

"ప్రేమ ఒక్కటే చాలదని జనానికి తెలియాలి చాంద్‌బీ. జరిగింది జరిగినట్టు చెప్పు."

ఇంకెక్కడా పని దొరకని చాంద్‌బీ రోజూ చెబుతోంది. పక్షులు బతికున్నప్పటికన్నా జనం ఎక్కువగా వస్తున్నారు. కథ మాబు తలుపు తోసిన చోటికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేరు.

మొన్న వెనక నుంచి ఒకావిడ కేకేసింది.

"అవ్వా, ఆ మాట ఇంకోసారి అను. మావాడు ఫోన్‌లో తీసుకోలేదంట."

చాంద్‌బీ మైకును నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఘాటా?" అంది.